మిగిలిన ముప్పై పోగులు

పడుగు మీద గంజి పడిందంటే ఇక అది ఎవరి కోసమూ ఆగదు. గుడియాత్తం నేతగాళ్ళ వీధిలో పాలు తాగే బిడ్డలకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. తూరుపు తెల్లబడే వేళకు వీధి పొడవునా గుంజలు నిలబెట్టి మగ్గానికెక్కే నిలువు పోగుల పడుగును సాగదీసి కడతారు. గుడ్డతో గంజి పట్టిస్తారు. తడిసిన పోగులు ఒకదానికొకటి అంటుకోకముందే రెండు పక్కలా మనుషులు నిలబడి కుంచెలు లాగుతూ పోవాలి. ఎండ ముదిరేలోపు ముగించాలి. ఒకరి పడుగుకు పదిమంది చేతులు. రేపు ఆ పదిమంది పడుగులకు వీళ్ళ చేతులు.

ఆ వేళలో వీధిలోకి బండి రాకూడదు. ఎంత పెద్ద అధికారి అయినా ఏటి దారిన చుట్టి పోవలసిందే. పొరపాటున ఎవరి వల్లనైనా పోగులు తెగితే, ఆ మనిషి ఎవరైనా సరే, అక్కడే కూర్చుని తన చేత్తో అతికి లేవాలి. అది వీధి కట్టు. ఒకసారి పోలీసు జవాను ఒకడు తొక్కితే, తలపాగా తీసి పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా అతికి పోయాడు.

ఆ సోమవారం కమలాక్షి పడుగు. ఆమెకు యాభై దాటాయి. తెల్ల చీర కొంగు నడుముకు బిగించి కుంచె పట్టుకుంటే, ఈ చివర మొదలుపెట్టిన లాగు ఆ చివర దాకా చెయ్యి వణక్కుండా సాగుతుంది. ఎదుటి వరుసలో ఆమె కోడలు దేవకి, పక్కింటి పొన్నమ్మ, మరిది జయరాములు ఉన్నారు. జయరాములు వీధికి పెద్ద. అతని మాట మీద వీధిలో ముప్పై ఓట్లు కదులుతాయి.

గుర్రం గంటలు వినబడి కమలాక్షి తలెత్తింది. వీధిలోకి దారి తిరిగే మొగలో లోకనాథం బండి ఆగి ఉంది. లోకనాథం నూలు వర్తకుడు. తాలూకా బోర్డు ఎన్నికకు నిలబడబోతున్నవాడు. బండి తోలే ఏలుమలై పగ్గాలు బిగించి పట్టుకుని వెనక్కు తిరిగి చెబుతున్నాడు.

"సామీ, పడుగు కట్టినారు. ఏటి దారిన పోదాం."

"రైలు తప్పితే నువ్వు మోసకపోతావా నన్ను వేలూరుకి? ఇట్ల తే పగ్గాలు!"

కమలాక్షి పదిహేను అడుగుల దూరంలో ఉంది. లోకనాథం ఏలుమలైని భుజం పట్టి పక్కకు తోయడం, పగ్గాలు లాక్కోవడం, కొరడా ఎత్తడం చూసింది. పడుగుకూ అరుగులకూ మధ్య సందులో దూరి పోవచ్చుననుకున్నాడేమో. కుంచెలు పట్టుకున్న మనుషులు ఒక్కసారిగా తప్పుకునేసరికి గుర్రం బెదిరి పడుగు మీదికి తిరిగింది. గుంజ ఒకటి విరిగింది. చక్రం తడి పోగుల మీదుగా పోయింది. ఏలుమలై కిందికి దూకి కళ్ళెం పట్టుకుని వేలాడాడు. గుర్రం అతన్ని నాలుగు బారలు ఈడ్చి ఆగింది. అతను పట్టుకోకపోతే పడుగు మొత్తం పోయేది.

లోకనాథం బండి దిగాడు. పంచె సర్దుకున్నాడు. చుట్టూ చూశాడు. తర్వాత కొరడా ఎత్తి ఏలుమలైని కొట్టాడు.

"గుడ్డి నాయాలా! పడుగుండేది కనపళ్ళా నీకు? వొద్దు వొద్దంటే తోల్తివి గదరా!"

"సామీ, పగ్గాలు..."

రెండో దెబ్బ చెవి మీద పడింది. ఏలుమలై ఆ మాట పూర్తి చేయలేదు. చెవి నుంచి రక్తం మెడ మీదికి జారింది. ఒక చెయ్యి ఇంకా కళ్ళెం మీదే ఉంది. గుర్రాన్ని నిమురుతూనే ఉన్నాడు.

"ఈ పొద్దుతో సరి. నా వాకిట్లో కనపడినావంటే కాళ్ళిరగ్గొడతా," అని లోకనాథం కమలాక్షి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మన్నించక్కా. పనివాడు చేసిన తప్పు యజమాని చేసినట్టే."

"ఎంత మంచి మనసో చూడు," అంది పొన్నమ్మ, దేవకి చెవిలో.

జయరాములు ముందుకొచ్చాడు. కట్టు ప్రకారం తెంచినవాడు కూర్చోవాలి. కానీ తెంచింది ఊరి బయట పేటవాడని తేలినాక, వాడి చెయ్యి పడుగు మీద పెట్టనిచ్చేదెలా? అందుకని కట్టు అక్కడికి ఆగిపోయింది. "ఏమప్పా, ఎవరన్నా వేరేగా చూసినారా?" అని అతను ఒక్క మాట అడిగాడు, అడగాలి కాబట్టి. పొన్నమ్మ తన కుంచెలో ఇరుక్కున్న పోగు తీస్తోంది. మిగతావాళ్ళు విరిగిన గుంజను చూస్తున్నారు. జయరాములు చూపు వదినె ముఖం దాకా వచ్చి పక్కకు పోయింది.

కమలాక్షి కూడా కుంచె వైపే చూసింది.

*

తెగినవి అతికి మళ్ళీ గంజి పెట్టాలి గనక, మధ్యాహ్నం కౌండిన్య ఏటిలో పడుగుకు పట్టిన గంజి కడుగుతూ దేవకి అడిగింది. "అత్తా, పగ్గాలు ఆయన చేతిలో ఉండె గదా?"

"సుమ్మా ఉండు. నోరు మెదపొద్దు."

"నేను చూస్తి అత్తా."

"నేనూ చూస్తిని లే. పిండు."

గురువారం కమలాక్షి వేలూరు పోవాలి. ఆడవాళ్ళకు ఓటొచ్చిన కొత్త. ఇంటి పన్ను ఆమె పేరు మీద ఉంది గనక వీధిలో ఆమెకూ ఓటుంది. లోకనాథం తన పేరు ప్రతిపాదించే కాగితం మీద మొదటి సంతకం ఆడమనిషిదే కావాలని పట్టుబట్టాడు. వేలిముద్ర కాకూడదు, సంతకమే కావాలి. "జిల్లాలో ఇట్లాంటిది ఎవురూ చేసుండరు అక్కా. పత్రికలో వేస్తారు," అన్నాడు. దేవకి చిత్తూరు వైపు పిల్ల, తెలుగు అక్షరాలు వచ్చినది. పలక మీద అత్తకు పేరు దిద్దించింది. పద్నాలుగు రోజులు కమలాక్షి పొయ్యి దగ్గరా మగ్గం దగ్గరా ఆ నాలుగక్షరాలే రాసింది. 'క్షి' దగ్గర చెయ్యి తిరగక ఏడుపొచ్చింది. అది కుదిరిన రోజు పలకను తుడవకుండా దేవుడి పటం పక్కన పెట్టుకుంది.

ఆ పలక కోసమే ఉదయం నోరు మూసుకుంది. ఆ సంగతి ఏటి నీళ్ళలో చేతులు పెట్టుకుని ఉండగా ఆమెకు తెలిసింది. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పడుగును పిండింది.

సాయంత్రం పెరటి కంచె అవతల ఎవరో దగ్గారు. ఏలుమలై. చెవికి పసుపు అద్ది గుడ్డ కట్టుకున్నాడు.

"అమ్మా, అతికేదెట్లనో చూపిస్తే చేసి పోతానమ్మా. మీ వీధి కట్టు గదా."

కమలాక్షికి ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు. "నువ్వు తెంచలేదు గదప్పా. నువ్వెందుకు అతికేది?"

ఏలుమలై తలెత్తాడు. "మీరు చూసినారా అమ్మా?"

ఆమె చూపు తిప్పుకుంది. అది చాలు అతనికి. చూసి కూడా ఎందుకు చెప్పలేదని అడుగుతాడేమోనని ఆమె కాచుకుంది. అడిగితే తిట్టి పంపేసేదేమో. అతను అడగలేదు.

"నేను తోలే బండి కింద తెగినాది గదమ్మా," అన్నాడు చివరికి. "రెండు దినాలు పని లేక సుమ్మా కూర్చుంటే పిచ్చి పడతాది నాకు."

కమలాక్షి వీధి వైపు చూసింది. తర్వాత కంచె తలుపు తీసింది.

పెరట్లో రెండు గుంజలకు పడుగు కట్టి, చిన్న మూకుడులో బూడిద పోసి ముందు పెట్టింది. "వేళ్ళకు బూడిద అద్దుకో. రెండు కొనలూ పక్కపక్కన పెట్టు. ముడి వెయ్యగూడదు, ముడి మగ్గం అచ్చు పళ్ళల్లో తట్టుకుంటాది. ఇట్ల మెలిబెట్టి ఒక వైపుకి రుద్దు. అంతే." అతని వేళ్ళు పగ్గాలు పట్టి మొద్దుబారిన వేళ్ళు. మొదటి పది పోగులూ లాగితే ఊడి వచ్చాయి. పదకొండోది నిలిచింది. దేవకి నవ్వింది. "పదకొండుకు ఒకటి. ఈ లెక్కన మా మనవరాలి పెండ్లికి చీరవుతాదిలే అన్నా."

"గుర్రం గూడ మొదట్లో మాట వినదమ్మా," అన్నాడు ఏలుమలై.

తెగినవి నాలుగు వందల పైచిలుకు. మంగళవారమంతా అతికారు. బుధవారం అతను ఆలస్యంగా వచ్చాడు. పేర్ణాంబట్టు దాకా నడిచి పోయి వచ్చాడట. తోళ్ళ వ్యాపారం చేసే సాయబు బండికి మనిషి కావాలని విని పోయాడు.

"ఏమన్నాడు?" అంది కమలాక్షి.

"పడుగు మీద గుర్రాన్ని తోలినోడివి నువ్వే గదా, అన్నాడు. అంత దూరం పాకినాదమ్మా ఆ మాట. మా ఇంటిది సెల్లమ్మ పొద్దున్నుంచీ నాతో మాట్లాడలా. పదహైదేండ్లు తోలినా ఒక కోడిపిల్లను తొక్కించలా నేను."

అతను కోపంగా చెప్పలేదు. చేతులు పోగు మెలిపెడుతూనే ఉన్నాయి. కోపమంతా ఈ పక్క కూర్చున్న కమలాక్షికి వచ్చింది. చేసినవాడు పత్రికలో పడబోతున్నాడు. చెయ్యనివాడు పేర్ణాంబట్టు దాకా నడిచి మొహం వేళ్ళాడేసుకుని వచ్చాడు. మధ్యలో తాను పలక మీద అక్షరాలు దిద్దుకుంటోంది.

పొద్దు వాలేటప్పటికి ముప్పై పోగులు మిగిలాయి. ఏలుమలై బూడిద అద్దుకోబోతే ఆమె మూకుడు పక్కకు లాగింది.

"ఇంక ముప్పై ఉండాయి గదమ్మా."

"ఉండనీ. అవి నీయి కావు."

*

గురువారం రైల్లో జయరాములు ఆమె ఎదుట కూర్చున్నాడు. లోకనాథం ముందు పెట్టెలో ఉన్నాడు. రైలు కాట్పాడి దగ్గర నెమ్మదించినాక కమలాక్షి అడిగింది.

"నువ్వు చూస్తివా జయరాములూ?"

దేన్ని అని అతను అడగలేదు. "చూసినా చూడకున్నా ఒకటే వొదినా. వానాకాలంలో పడుగు చేసుకొనేకి పెద్ద కొట్టం కట్టిస్తానన్నాడు. ఏటికి వంతెనంట. మనకు కావలసింది అది. ఆయన కోపిష్టోడా, అబద్ధాలాడతాడా అని చూసేదానికి మనమేమన్నా పిల్లనిస్తన్నామా?"

"పిల్లనిచ్చేదానికి నాలుగూళ్ళు తిరిగి విచారిస్తిమి. కుండ కొనేదానికి తట్టి చూస్తాము. ఊరిని చేతికిచ్చేదానికి మాత్రం ఏమీ చూడొద్దా?"

"ఒక్క తప్పుకు మనిషినే వొద్దంటే ఎట్ల?"

"తప్పుకు కాదప్పా నేననేది," అని ఆమె అంది కానీ, రైలు ఆగింది. లోకనాథం కిటికీ దగ్గరకొచ్చి నవ్వుతూ పిలుస్తున్నాడు. జట్కాలో పాలారు వంతెన దాటుతున్నంత సేపూ అతను ఆమెకు ఏం మాట్లాడాలో చెబుతూ వచ్చాడు. కొత్త బండివాడు ఇంకా కుదరలేదని, ఈ కాలంలో నమ్మకమైన మనుషులు దొరకరని కూడా చెప్పాడు. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏటి ఇసుక వైపు చూసింది.

కచ్చేరిలో అధికారి మర్యాదస్తుడు. ఆమెకు కుర్చీ వేయించాడు. కాగితం ముందుకు తోసి కలం సిరాలో ముంచి ఇచ్చాడు.

"ఈయన మీకు తెలిసినవారేనా అమ్మా?"

"తెలుసునయ్యా."

"ఇక్కడ రాయండి. ఏ భాషైనా సరే."

కమలాక్షి కలం ఆనించింది. 'క' రాసింది. ఎంత బాగా వచ్చింది! పలక మీద ఎప్పుడూ అంత గుండ్రంగా రాలేదు. రెండో అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. ఆమె కలం కింద పెట్టేసింది.

"ఏమక్కా, మరిచిపోతివా?" అన్నాడు లోకనాథం నవ్వుతూ.

"మరచలా. నువ్వు తెలుసు గనకనే పెట్టను."

లోకనాథం వంగి గొంతు తగ్గించాడు. "ఒక బండివాడి కోసమా?"

ఆమె గొంతు తగ్గించలేదు. "నా పడుగు తెంచితివి. దానికి కోపం లేదు నాయనా. గుర్రమనేది బెదరతాది. ఆ పొద్దు అక్కడే కూర్చొని నాలుగు పోగులు అతికుంటే, ఈ పొద్దు నా పేరు రెండుసార్లు రాసుందును. పట్టపగలు, పదిమంది ముందర, పగ్గాలు నీ చేతిలో పెట్టుకొని పక్కోణ్ణి కొడితివే! వాడు నోరు తెరిస్తే మళ్ళా కొడితివే! రేపు బోర్డులో తలుపేసుకొని కూర్చున్నాక, నీ తప్పు మాలో ఎవరి మీద రాస్తావో మాకేం తెలుస్తాది?"

"ఆడదానికి ఓటిస్తే ఇట్లనే ఉంటాది," అన్నాడు లోకనాథం. అధికారితో అన్నాడు, నవ్వుతూనే. అధికారి నవ్వలేదు. 'క' పడిన కాగితాన్ని పక్కన పెట్టి, "ఇది పనికిరాదు. వేరే కాగితం తీసుకోండి," అన్నాడు.

వేరే కాగితం రావడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు వేరే చేతులు దొరకడానికి. వరండాలో ఉన్న గుడియాత్తం మనిషి ఒకడు రెండో సంతకానికి ఒప్పుకున్నాడు. మొదటి సంతకం జయరాములు చేశాడు. ఆమె గడప దగ్గర నిలబడి చూసింది. అతను కలం మీదికి వంగి, చాలా సేపు రాశాడు. తలెత్తలేదు.

*

ఆమె ఇంటికి చేరేసరికే వీధికి తెలిసిపోయింది. అరుగుల మీద మాటలు ఆగాయి. పొన్నమ్మ బిందె ఎత్తుకుని పోతూ, "కొట్టం పోగొడితివి గదక్కా మాకు. వానొస్తే మా పడుగులు నీ ఇంట్లో పరుస్తావా?" అంది. రేపు పొద్దున పడుగుకు రమ్మని దేవకి ఇల్లిల్లూ తిరిగి వచ్చింది. ఒకరికి నడుం నొప్పి. ఒకరికి చుట్టాలు. ఒకరు తలుపే తీయలేదు.

"పదిమంది పని అత్తా. ఇద్దరం ఏం చేస్తాము? గంజి ఆరిపోతే పడుగు కట్టెలాగవుతాది."

"అయితే కానీ. కాచు గంజి."

శుక్రవారం తూరుపు తెల్లబడుతుండగా అత్తాకోడళ్ళు గుంజలు నిలబెట్టారు. అతకని ముప్పై పోగులూ పడుగు అంచున రెండు కుచ్చులుగా వేలాడుతున్నాయి. పెరటి వైపు నుంచి ఏలుమలై వచ్చాడు. వెంట అతని పెండ్లాం సెల్లమ్మ. ఇద్దరూ ఇంటి పక్క సందులోనే ఆగారు. కాలినడకన ఆ వీధిలోకి వాళ్ళు ఎప్పుడూ వచ్చింది లేదు.

"రా నాయనా. ఆ కొన పట్టు," అంది కమలాక్షి గట్టిగా, అన్ని తలుపులకూ వినబడేలా.

ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి. "ఏంది ఇది, వీధంతా మైలపడనీ," అన్నారెవరో. ఎవరూ దిగి రాలేదు, ఎవరూ అడ్డమూ రాలేదు. దేవకి గంజి పట్టించింది. నలుగురూ రెండు పక్కలా నిలబడి కుంచెలు లాగడం మొదలుపెట్టారు. ఎంత పరుగెత్తినా ఒక మూల తడిపితే ఇంకో మూల ఆరుతోంది. కమలాక్షి రొమ్ము ఎగిసిపడుతోంది.

జయరాములు తన అరుగు మీద నిలబడి ఉన్నాడు. చేతిలో కుంచె ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో.

అప్పుడు మొగలో గంటలు వినబడ్డాయి. లోకనాథం బండి. మెడలో దండ. వెంట నలుగురు మనుషులు. వీధిలో మొదటి ఓటు అడగడానికి బయలుదేరాడు. నిన్న సాయంత్రమే కుదిరిన కొత్త బండివాడు పగ్గాలు లాగుతున్నా గుర్రం ఏలుమలైని చూసి సకిలించి ముందుకు రాబోయింది.

"పక్కకు లాగండి దాన్ని! దారి గదా ఇది!" అని లోకనాథం అరిచాడు.

ఎవరూ కదల్లేదు. గంజి మీదున్న పడుగును ఎవరు లాగుతారు? కమలాక్షి కుంచె దేవకికి ఇచ్చి, అరుగు మీది బూడిద మూకుడు తీసుకుంది. బండి దాకా నడిచి వెళ్ళి మూకుడు పైకెత్తి పట్టుకుంది.

"ముప్పై పోగులుండాయి నాయనా, నీయి. దిగి కూర్చో. అతికినాక ఓటడుగు. నా ఓటు నీకే ఇస్తా. అందరి ముందర చెప్తాండా."

లోకనాథం ఆ మూకుడు చూశాడు. వీధి చూశాడు. ప్రతి తలుపులో ఒక ముఖం ఉంది. దిగుతాడేమోనని కమలాక్షికి నిజంగానే అనిపించింది. దిగితే బాగుండునని కూడా అనిపించింది. అతని కాలు మెట్టు మీద ఒకసారి కదిలింది.

"మొండి ముండ," అన్నాడు. పక్కకు తిరిగి, "నిన్నెవరు ఇట్ల తీసుకురమ్మన్నార్రా గాడిదా?" అని కొత్త బండివాడి వీపు మీద ఒకటి వేశాడు. దారిమ్మని అరిచింది ఎవరో అందరూ విన్నారు. బండి తిరిగి ఏటి దారి పట్టింది.

జయరాములు అరుగు దిగాడు. పడుగు అంచున వేలాడుతున్న కుచ్చుల దగ్గర కూర్చుని మూకుడు కోసం చెయ్యి చాపాడు.

"ఆ పొద్దు నేనూ చూస్తిని వొదినా," అన్నాడు. "నిన్న సంతకం పెట్టింది పెట్టిందే. ఓటు ఇంకా నా దగ్గరే ఉండాది."

కమలాక్షి మూకుడు ఇవ్వలేదు. కోపం ఇంకా అలాగే ఉంది, గంజిలా వేడిగా. తన మీదా ఉంది.

"నాతో కాదు చెప్పేది. నేనూ నీ మాదిరే నోరు మూసుకున్నదాన్నే. పదహైదు పోగులు నీయి, పదహైదు నాయి. ముందు అతనితో చెప్పు. గట్టిగా చెప్పు, పేర్ణాంబట్టు దాకా వినపడాల."

జయరాములు లేచాడు. వీధికి పెద్దవాడు ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి ఎరగడు. పెదవులు తడుపుకున్నాడు. తలుపులన్నీ అతన్నే చూస్తున్నాయి.

"ఏలుమలై," అన్నాడు. "ఆ పొద్దు పగ్గాలు నీ చేతిలో లేవు. నేను చూసినాను. వీధంతా చూసినాది."

ఏలుమలై కుంచె ఆపలేదు. చెవి మీద మానుతున్న గాయం ఎండలో నల్లగా ఉంది. లాగు చివరి దాకా తీసుకుపోయి, వెనక్కు తిరిగి వచ్చాక అన్నాడు.

"గంజి ఆరిపోతాంది సామీ. చెయ్యి పెట్టండి."